బతికిన కాలేజీ ఎందుకు బతకలేదు

మద్రాసు వెళ్ళొచ్చిన విజయనగరం, శ్రీకాకుళం పెద్దవాళ్ళ కబుర్లలో ఒకప్పుడు రెండు కాలేజీలు తప్పకుండా వినబడేవి. ఒకటి చచ్చిన కాలేజీ, ఇంకొకటి బతికిన కాలేజీ. ఎగ్మూరు మ్యూజియంలో గాజు బీరువాల వెనక కదలక మెదలక నిలబడిన జంతువులది చచ్చిన కాలేజీ. సెంట్రల్ స్టేషను పక్కనే బోనుల్లో పులులూ సింహాలూ అటూ ఇటూ తిరుగుతూ కనబడేది బతికిన కాలేజీ. మ్యూజియానికీ జూకీ ఉన్న తేడాను అంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. ఈవేళ చచ్చిన కాలేజీ నిక్షేపంలా ఉంది. బతికిన కాలేజీయే లేదు. దాని చుట్టూ ఉండిన 116 ఎకరాల పీపుల్స్ పార్కూ లేదు.

ఎలా పోయిందంటే మూడు రకాల జవాబులు వస్తాయి. అగ్గి పడి కాలిపోయిందంటారు కొందరు. వండలూరుకు తరలించేశారంటారు ఇంకొందరు. జంతువుల చట్టం వచ్చి మూయించిందంటారు మరికొందరు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది, ఆ ముక్కలన్నీ కలిసిపోయి చిక్కు పడ్డాయి. 1985లో కాలింది జూ కాదు, దాని పక్కనున్న మూర్ మార్కెట్టు. దానికి వందేళ్ళ కిందట అదే పార్కులో ఒక జాతర కాలింది, అది వేరే సంగతి. తరలించిన మాట నిజమే గానీ అది కథలో చివరి అంకం. జూలను కట్టడి చేసే చట్టం వచ్చింది 1991లో, అప్పటికి ఆ పాత బోనులు ఖాళీ అయి ఆరేళ్ళు దాటింది. అసలు కారణం వీటన్నిటికంటే చాలా నెమ్మదిగా పనిచేసింది, అందుకే ఎవరి కంటా పడలేదు. ఆ కారణం భూమి. ఆ భూమి లెక్కలో మన విజయనగరం మహారాజు పేరు కూడా ఉంది కాబట్టి మనవైపు వాళ్ళం దాన్ని కొంచెం ఓపిగ్గా చూడాలి.

పులి ఉంటే జనం వస్తారు

మద్రాసులో మ్యూజియం 1851లో మొదలైంది. దానికి తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే సర్జన్. రాళ్ళూ గవ్వలూ ఎండబెట్టిన మొక్కలూ చూడ్డానికి జనం పెద్దగా రారు, అదే ఆవరణలో ఒక పులిని కట్టేస్తే విరగబడి వస్తారు అన్న సంగతి ఆయన తొందరగానే గ్రహించాడు. 1855లో మ్యూజియం ఆవరణలోనే జూ పెట్టాడు. కర్ణాటక నవాబును ఒప్పించి ఆయన దగ్గరున్న జంతువుల్ని కూడా తెచ్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అక్కడ మూడు వందలకు పైగా ప్రాణులు చేరాయి.

పులి ఆకర్షణ అయినంత సులువుగా పులిని పెంచడం కుదరదు. మూడు వందల నోళ్ళకు రోజూ మేత, మాంసం, నీళ్ళు, ఆ తర్వాత పేడ, కంపు, మురుగు. మ్యూజియానికి అది తలకు మించిన భారం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1859లో, గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ బ్లాక్ టౌన్ అనబడే ఇరుకు పేట పక్కన జనానికి గాలి ఆడే చోటు ఒకటి కావాలని పీపుల్స్ పార్కును తలపెట్టాడు. ఆదాయపు పన్నును బహిరంగంగా వ్యతిరేకించినందుకు మరుసటి ఏడే ఆయన్ను వెనక్కి పిలిపించారు, పార్కు మాత్రం నిలిచింది. 116 ఎకరాలు, పదకొండు చెరువులు, బ్యాండు వాయించే మంటపం. 1860ల మొదట్లో జూ కూడా మ్యూజియం నుంచి ఇక్కడికి చేరింది. ఏటా డిసెంబరు చివర్లో ఇదే పార్కులో పెద్ద సంత, వినోదాలు. మనవైపు మాటలో చెప్పాలంటే తీర్థం.

జూ, పార్కు, తీర్థం మూడూ ఒకే ఆవరణలో పడ్డాయంటే కారణం ఇదే. ఎవరూ గీత గీసి కట్టిన ప్రణాళిక కాదు. ఒక్కొక్కదానికీ జనం కావాలి, జనం ఉన్నచోటికి ఇంకోటి వచ్చి చేరింది. 1900లో గోదావరి మీద రైలు వంతెన పూర్తయి కళింగ సీమ నుంచి మద్రాసుకు నేరుగా బండి నడిచాక మనవాళ్ళకు ఇది మరీ దగ్గరైంది. కోర్టు పనిమీదో చదువుమీదో వైద్యానికో వెళ్ళినవాళ్ళు సెంట్రల్లో దిగితే, నాలుగడుగుల్లో పులి.

మూడెకరాల చొప్పున

1883 డిసెంబరు 17న విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి రాజు మద్రాసులో ఒక టౌన్ హాలుకు శంకుస్థాపన చేశారు. తరవాత దానికే విక్టోరియా పబ్లిక్ హాల్ అని పేరు వచ్చింది. నగరంలో నాటకాలకూ సభలకూ సరైన చోటు లేని రోజులవి. సాహిత్యమన్నా సంగీతమన్నా ఆనంద గజపతికి ఎంత ప్రాణమో విజయనగరంలో వేరే చెప్పక్కర్లేదు. ఆయన చేసినది మంచి పనే. ఎర్రటి ఇటుకలతో కట్టిన ఆ భవనం ఈనాటికీ చూడముచ్చటగా ఉంటుంది.

దానికి స్థలం ఎక్కడిదన్నదే ఇక్కడ ప్రశ్న. పీపుల్స్ పార్కు నుంచి 57 గ్రౌండ్లు తీసి, 1886 ఏప్రిల్ 1 నుంచి 99 ఏళ్ళ లీజుకు ఇచ్చారు. అద్దె గ్రౌండుకు ఎనిమిదణాలు. మద్రాసు కొలతలో గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు, కాబట్టి మొత్తం 3.14 ఎకరాలు. ఏడాదికి ఇరవై ఎనిమిదిన్నర రూపాయలు. 116 ఎకరాల్లో మూడెకరాలు పోతే ఎవరికి నొప్పి?

తరవాత వచ్చినవన్నీ కూడా ఇలాంటి మంచి పనులే. పాత బజారు ఇరుకై పోయిందని 1900 నాటికి మూర్ మార్కెట్టు కట్టారు. కార్పొరేషనుకు సొంత భవనం కావాలని 1909లో మొదలుపెట్టి 1913కల్లా రిప్పన్ బిల్డింగు లేపారు. ఆటలకు చోటు కావాలని కార్పొరేషన్ స్టేడియం వచ్చింది, 1956 నుంచి దాదాపు పదేళ్ళు టెస్టు మ్యాచిలు అక్కడే ఆడారు. అదే చోట 1993లో నెహ్రూ స్టేడియం లేచింది. లోకల్ రైళ్ళకు స్టేషను చాలలేదని కాలిన మార్కెట్టు స్థలంలో కొత్త స్టేషను కట్టారు. ఈ జాబితాలో దోపిడీ ఏదీ లేదు. కళ్యాణ మంటపం కోసమో మద్యం దుకాణం కోసమో పార్కును మింగలేదు. ప్రతిసారీ ఒక సరైన అవసరం వచ్చింది, ప్రతిసారీ ఖాళీగా కనబడిన నేల అదే అయింది. పార్కును మూసేస్తున్నామని ఎవరూ ఏనాడూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే జనం అడ్డుపడి ఉండేవారు.

ఆ మూడెకరాలు పులి కళ్ళతో చూస్తే ఎంతో ఇప్పటి నిబంధనతో లెక్క వేయవచ్చు. ఈనాటి జూ నియమాల ప్రకారం ఒక పులుల జంటకు ఆరుబయట తిరగడానికి కనీసం 1,000 చదరపు మీటర్లు ఉండాలి, అంటే సుమారు పావెకరం. 57 గ్రౌండ్లంటే దాదాపు 12,700 చదరపు మీటర్లు. ఒక్క టౌన్ హాలు స్థలంలో పన్నెండు జంటల పులులు తిరగొచ్చు. ఆ కాలంలో పులికి అంత చోటు కావాలని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఈ నష్టం ఎవరి లెక్కల్లోకీ రాలేదు. చుట్టూ పార్కు కరిగిపోతున్నా బోను బోనులాగే ఉంది, పులి పులిలాగే కనబడింది.

బోను లోపల

పాతకాలం జూల్లో బోనంటే ఇనుప ఊచలు, సిమెంటు గచ్చు, ఒక పక్క కాలువ. కడగడానికి అంత వీలైనది ఇంకోటి లేదు, అందుకే వందేళ్ళు అదే నడిచింది. పులికి వచ్చే తిప్పలన్నీ ఆ గచ్చు మీదే మొదలయ్యేవి. రోజూ నీళ్ళు కొట్టి కడిగితే గచ్చు ఆరదు. తడి సిమెంటు మీద పడుకున్న జంతువుకు మోచేతుల దగ్గర, తుంటి దగ్గర వెంట్రుకలు ఊడి పుళ్ళు పడతాయి. అరికాలి మెత్తలు అరిగి చిట్లుతాయి. గోళ్ళు గీరడానికి చెట్టు మొద్దు లేకపోతే అవి వంకర తిరిగి మెత్తలోకి దిగుతాయి.

అంతకంటే పెద్దది కంటికి కనబడే ఒక జబ్బు. బోను ముందు పది నిమిషాలు నిలబడితే ఎవరైనా గుర్తుపట్టొచ్చు. పులి ఆరు అంగలు వేస్తుంది, మూల దగ్గర తల ఒకే వైపు తిప్పి మళ్ళుతుంది, మళ్ళీ ఆరు అంగలు. మళ్ళిన ప్రతిసారీ పాదం అదే చోట పడుతుంది, అక్కడ గచ్చు నున్నబడి మెరుస్తుంటుంది. చూసేవాళ్ళు ‘ఎంత హుషారుగా ఉందో’ అనుకుంటారు. అది హుషారు కాదు. వేటాడ్డానికీ, తన ఎల్ల చుట్టి రావడానికీ పుట్టిన ప్రాణికి ఆ పని లేకుండా పోతే మిగిలిపోయిన కదలిక అది. నాలుగు వైపులా జనం ఉండి, దాక్కునే మూల లేకపోతే మరీ ముదురుతుంది.

తిండి విషయంలో పొరపాట్లు ఇంకో రకం. పెద్దపులికి రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల మాంసం, అదీ ఎముకతో. ఉత్త కండ పెడితే కాల్షియం చాలక పులిపిల్లల కాళ్ళు వంగిపోతాయి. వారానికి ఒకరోజు పస్తు ఉంచుతారు, అడవిలో రోజూ వేట దొరకదు కనుక దాని పొట్ట ఆ పద్ధతికే అలవాటు పడింది. జూ సిబ్బంది ఇవన్నీ జాగ్రత్తగా చేసినా, కోతుల బోను దగ్గర వేరుశనక్కాయలూ అరటిపళ్ళూ విసిరే చేతుల్ని ఆపడం కష్టం. ఒక్కొక్కరు విసిరేది గుప్పెడే. సెలవు రోజున వెయ్యి మంది విసిరితే కోతి అసలు మేత ముట్టదు, సాయంత్రానికి కడుపు ఉబ్బుతుంది. క్షయ మనుషుల నుంచి కోతులకు అంటుతుందన్న మాట చాలామందికి తెలియదు. జింకల దొడ్డిలో మింగిన ప్లాస్టిక్ సంచి పొట్ట మొదటి గదిలోనే ఉండలు కట్టి నిలిచిపోతుంది. ఆకలి తీరినట్టే ఉండి జింక చిక్కిపోతుంది. చచ్చాక కోసి చూస్తే గానీ కారణం దొరకదు.

ఊచలు లేకుండా జంతువును చూపించే పద్ధతి 1907లోనే వచ్చింది. జర్మనీలో హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి జంతువుకూ జనానికీ నడుమ లోతైన కందకం తవ్వి చూపించాడు. మన దేశంలో పాత జూలు దాన్ని వెంటనే అందుకోలేకపోయాయి. కందకం తవ్వాలంటే వెడల్పు కావాలి, దాని అవతల జంతువు పరుగెత్తడానికి మైదానం కావాలి, వెనకవైపు రాత్రి గదులు, సిబ్బంది తిరిగే నడవ, రెండేసి తలుపులు కావాలి. అంటే మళ్ళీ భూమి. టౌన్ హాలు, మార్కెట్టు, కార్పొరేషన్ భవనం, స్టేడియం, రైలు పట్టాల మధ్య ఇరుక్కున్న జూ ఏ పక్కకి జరగగలదు? భూమి కథా బోను కథా కలిసే చోటు ఇదే. మొదట పార్కు పోయింది, పార్కు పోవడం వల్ల జూ మారలేకపోయింది, మారలేకపోవడం వల్ల వెళ్ళిపోవాల్సి వచ్చింది. వాహనాల రొద, పొగ ఆఖరి బరువు మాత్రమే.

హైదరాబాదులోనూ దాదాపు ఇదే జరిగింది. బాగ్-ఎ-ఆమ్ అనే పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండిన జంతువులు 1963లో నెహ్రూ జూకు వెళ్ళాయి. అక్కడ తోట మాత్రం మిగిలింది.

జూలోని ప్రాణుల్ని ఎలా తరలిస్తారు

వండలూరు రిజర్వు అడవిలో 1976లో 1,265 ఎకరాలు కేటాయించారు. 1979లో పనులు మొదలయ్యాయి, 1985 జులై 24న ముఖ్యమంత్రి ఎం.జి.రామచంద్రన్ కొత్త జూను ప్రారంభించారు. పాత పార్కు మొత్తానికి పదకొండింతల జాగా అది.

జూను తరలించడమంటే సామాను లారీకి ఎత్తడం లాంటిది కాదు. ఇప్పుడు అన్ని జూలూ పాటించే పద్ధతి చెప్పుకుంటే ఆ కష్టం అర్థమవుతుంది. పులికి ముందుగా దాని కొలతకు పెట్టె చేయిస్తారు. నిలబడగలగాలి, పడుకోగలగాలి, వెనక్కి తిరగలేకూడదు. తిరిగే వీలుంటే దారిలో బెదిరి తిప్పుకుంటూ మెడో కాలో విరగ్గొట్టుకుంటుంది. రెండు చివరలా పైకి లేచే తలుపులు, పక్కల్లో గాలి రంధ్రాలు, లోపల ఎక్కడా మేకు మొన కనబడకూడదు. ఆ పెట్టెను తలుపులు తీసి రాత్రి గదికి ఆనించి పదీ పదిహేను రోజులు వదిలేస్తారు. మొదట గుమ్మంలో మాంసం పెడతారు, తరవాత రెండడుగులు లోపల, చివరికి అవతలి కొసన. తనంతట తాను లోపలికెళ్ళి తినడం అలవాటయ్యాక ఒకరోజు తలుపు దించుతారు. ఈ పదిహేను రోజులు ఆదా చేద్దామని మత్తు సూది వేసి ఎత్తేస్తే, దారిలో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం, ఒంటి వేడి పెరిగిపోవడం లాంటి ప్రమాదాలు ఉంటాయి. మత్తు ఆఖరి ఉపాయమే.

పులి కంటే జింకే కష్టం. దాన్ని తరిమి పట్టుకుంటే ఆ క్షణంలో బాగానే ఉంటుంది. ఆ రోజో, నాలుగైదు రోజులకో కాళ్ళు బిగుసుకుపోయి చచ్చిపోతుంది. భయంతో విపరీతంగా పెనుగులాడినప్పుడు కండరాలు లోపల చితికి, ఆ వ్యర్థం మూత్రపిండాలను మూసేస్తుంది. అందుకే ఇప్పుడు జింకల్ని చేత్తో పట్టరు. గరాటు ఆకారంలో గుడ్డల గోడలు కట్టి, వెడల్పు వైపు మేత పెట్టి, రోజూ కొంచెం కొంచెం సన్నటి కొస వైపు రప్పించి, తిన్నగా చీకటి లారీలోకి నడిపిస్తారు. కొమ్ములు లేత తొడుగుతో ఉన్న నెలల్లో మగ జింకల జోలికి పోరు, కొమ్ము తగిలితే నెత్తురు ఆగదు. పక్షుల పెట్టెలకు పైకప్పు తక్కువ ఎత్తులో ఉండి, లోపల మెత్తటి గుడ్డ ఉండాలి, లేకపోతే ఎగరబోయి తల పగులుతుంది. పాములు గుడ్డ సంచిలో, సంచి చెక్క పెట్టెలో. ప్రయాణం చల్లటి వేళ, దారిలో తడి గోనెలు, వెంట పశువైద్యుడు. చేరాక కనీసం నెల రోజులు విడిగా ఉంచి పేడ, రక్తం పరీక్షలు చేశాకే మిగతావాటితో కలుపుతారు.

చట్టం ఎక్కడ వచ్చింది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. అందులో జూల గురించి విడిగా ఒక అధ్యాయాన్ని 1991లో చేర్చారు. దాని కిందే 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. అప్పటి నుంచి గుర్తింపు లేకుండా ఎవరూ జూ నడపకూడదు. రాత్రి గది కొలత దగ్గర నుంచి అన్నిటికీ లెక్క ఉంది. పులికైతే 2.75 మీటర్ల పొడవు, 1.80 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. వారానికి ఒకరోజు జూకు సెలవుండాలన్నది కూడా అందులోదే. ఆ సెలవు సిబ్బందికి మాత్రమే కాదు, జంతువులకు ఒక్కరోజు మనుషుల మొహాలు కనబడకుండా.

ఆ అధ్యాయంలో ఒక సెక్షను ఉంది, తీర్థానికీ జూకీ మధ్య గోడ కట్టింది అదే. జూలో జంతువును ఏడిపించడం, గాయపరచడం, మేత పెట్టడం, చప్పుడు చేసి గానీ ఇంకోలా గానీ కలవరపెట్టడం, చెత్త వేయడం నేరమని అందులో రాశారు. మైకులూ రంగులరాట్నం మోటార్లూ రాత్రంతా దీపాలూ లేకుండా తీర్థం ఎలా? అవి ఉంటే జూ ఎలా? బతికిన కాలేజీని ఈ చట్టం మూయించలేదు, అది ముందే వెళ్ళిపోయింది. అలాంటిది మళ్ళీ పుట్టకుండా చేసింది.

డేరా కింద ఉన్న జంతువుల సంగతి ఇంకొంచెం ఆలస్యంగా తేలింది. మనవైపు సర్కస్ అంటే వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు గుర్తుకొస్తారు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న ఆ మల్లుడు విజయనగరంలోనే సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు. 1998 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఈ అయిదింటినీ ప్రదర్శనల్లో ఆడించకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకు వెళ్ళారు, 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్నే ఖాయం చేసింది. అలా విడిపించిన సింహాలకూ పులులకూ ఆశ్రయం ఇచ్చిన కేంద్రాల్లో విశాఖపట్నంలో జూ దగ్గర పెట్టిన కేంద్రం ఒకటి. సర్కస్ సింహాల్లో చాలావాటిది ఆసియా, ఆఫ్రికా జాతులు కలిసిన సంకరం. అందుకని వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, జనానికి చూపించకుండా, ముసలితనం వెళ్ళేదాకా సాకారు.

ఇప్పుడు విజయనగరం, శ్రీకాకుళం పిల్లలకు పులిని చూపించాలంటే విశాఖ జూయే దిక్కు. 1977లో తెరిచారు, 625 ఎకరాలు, కంబాలకొండ అడవి అంచున. ఊరి నడిబొడ్డున పెట్టలేదు, పాత జూల పాఠం అందులో ఉంది. పక్షుల కోసమైతే విశాఖదాకా వెళ్ళనక్కర్లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలూ ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. ఊచ లేదు, టిక్కెట్టు లేదు.

తీర్థం సగం

జంతువులు అడవి అంచుకు వెళ్ళాయి, పార్కు భవనాలైంది. మూడోది, ఆ వినోదాల సంత, చక్రాలు కట్టుకుని ఊరూరూ తిరుగుతోంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి ముందూ వెనకా మైదానాల్లో లేచే రంగులరాట్నాలు, జెయింట్ వీలు, చావుబావి ఆ సంతకు వారసులే. అమ్మవారి సంబరంలో ఏనుగు కూడా ఉంటుంది. అది సిరిమాను ముందు నడిచే తెల్ల ఏనుగు రథం. దానికి మేత అక్కర్లేదు, బోను అక్కర్లేదు.

పీపుల్స్ పార్కు తీర్థం మనకు ఒక భయంకరమైన పాఠం వదిలింది. 1886 డిసెంబరు 31న, ఏడాది చివరి రోజున, అక్కడ అంటుకున్న మంటల్లో వందలాది మంది చచ్చిపోయారు. పాకలు ఎంత వేగంగా అంటుకుంటాయో మనవైపు ప్రతి వేసవిలోనూ చూస్తూనే ఉన్నాం. తాటాకు కప్పుకు నిప్పు అంటితే పక్క పాకకు పాకడానికి నిమిషం పట్టదు. జనం చావడానికి మాత్రం మంట ఒక్కటే చాలదు, దారి ఇరుకై ఉండాలి. వచ్చిన దారినే పోదామని అందరూ అటే తోసుకుంటారు, ముందు పడినవాళ్ళ మీద వెనకవాళ్ళు పడతారు. అందుకే తాత్కాలిక పందిళ్ళకు కొలతలు పెట్టారు. పక్క కట్టడానికి కనీసం నాలుగున్నర మీటర్ల ఎడం, కప్పు ఎత్తు మూడు మీటర్లకు తగ్గకూడదు, ఎదురెదురు దిక్కుల్లో రెండు దారులైనా ఉండాలి, ఒక్కొక్కటి మీటరున్నర వెడల్పు. కరెంటు తీగల కింద పందిరి వేయకూడదు. ఈ నాలుగింట్లో తీర్థాల్లో ముందు తప్పేది ఎడం. రెండు పందిళ్ళ మధ్య వదిలిన సందులో మూడో రోజుకల్లా బజ్జీల బండి, దాని వెనక గ్యాసు బండ వచ్చి నిలబడతాయి.

జెయింట్ వీలు ఎక్కేముందు నిలబడి చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది కాళ్ళ కింద. చక్రం కాళ్ళు మట్టి మీద కాకుండా అడ్డంగా పరిచిన లావాటి చెక్క దుంగల మీద నిలబడాలి. సిరిమాను దసరా తరవాత వచ్చే మంగళవారం, అంటే తుపాన్ల కాలం. వాన పడ్డ రాత్రి ఒక పక్క దుంగ రెండంగుళాలు దిగితే కింద కంటికి ఆనదు, పైన ఇరుసు బరువు ఒక పక్క బేరింగు మీదే ఎక్కువగా పడుతుంది. వాన వెలిసిన పొద్దున్న ట్యూబు లెవెలు పెట్టి చూసుకోకుండా తిప్పడం తప్పు.

రెండోది జనాన్ని ఎక్కించే తీరు. పన్నెండు తొట్టెల చక్రమనుకుందాం. తెలిసినవాడు ఒకటో తొట్టె నింపాక చక్రం సగం తిప్పి ఏడోది నింపుతాడు, తరవాత నాలుగు, దాని ఎదురు పది. దించేటప్పుడూ అదే వరస. తొందరలో ఉన్నవాడు ఒకటి, రెండు, మూడు అని వరసగా నింపేస్తాడు. తొట్టెకు నలుగురు, మనిషికి అరవై కిలోలు వేసుకున్నా మూడు తొట్టెలకు 720 కిలోలు ఒకే పక్క. ఎదురుపక్క ఖాళీ. ఆపిన ప్రతిసారీ ఆ బరువు చక్రాన్ని తనవైపు లాగుతుంది, బ్రేకు పట్టా కాలుతుంది, మోటారు ఎత్తలేక మూలుగుతుంది. ఆ మూలుగు కింద నిలబడితే వినబడుతుంది. తొట్టె తలుపు గొళ్ళెం పడ్డాక దానిలో అడ్డ పిన్ను గుచ్చారో లేదో చూడాలి. పిన్ను బదులు తీగ ముక్క చుట్టి ఉంటే ఎక్కొద్దు. తొట్టె వేలాడే బోల్టు నట్టు చివర కూడా అలాంటి పిన్నే ఉంటుంది, అదిరి అదిరి నట్టు విప్పుకుపోకుండా ఆపేది అదే.

1985లో జరిగినవి

మళ్ళీ మద్రాసుకు వెళ్దాం. టౌన్ హాలు లీజు 99 ఏళ్ళు అనుకున్నాం కదా, 1886 ఏప్రిల్ నుంచి లెక్క వేస్తే అది 1985 మార్చి చివరికి తీరింది. అదే ఏడు మే 30న మూర్ మార్కెట్టు కాలిపోయింది. జులై 24న వండలూరు తెరుచుకుంది. నాలుగు నెలల్లో మూడు. కార్యకారణం ఏమీ లేదు, కాలం అలా కలిసొచ్చింది. కానీ జనం జ్ఞాపకంలో జూ కాలిపోయిందన్న మాట ఎలా పుట్టిందో ఈ తేదీలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. పొగ చూసినవాళ్ళు కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేసరికి మార్కెట్టూ లేదు, పులులూ లేవు.

విజయనగరంలో రాత్రి బండెక్కి సెంట్రల్లో దిగేవాళ్ళు ఇప్పటికీ ఆ పార్కు హద్దుల్ని కాలినడకన చూడొచ్చు. లోకల్ రైళ్ళ స్టేషనుకు ఇంకా మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే పేరు, దాని ముందు పాత మార్కెట్టు బుల్లి నమూనా. అక్కడి నుంచి పడమరగా నడిస్తే మన మహారాజు రాయి వేసిన ఎర్ర ఇటుకల హాలు. దాని ఎదుట ట్రెవెల్యన్ పేరున కట్టిన ఫౌంటెన్. ఆ పక్కన తెల్లటి రిప్పన్ బిల్డింగు. దాని వెనక స్టేడియం దీపస్తంభాలు. ఇవన్నీ నిలబడి ఉన్నది ఒకే పార్కు నేల మీద.